కొత్త కెమెరా చేతికొచ్చిందా? ముందు కిటికీ పక్కన కుర్చీ వేయండి

ఫోటోల పిచ్చి కొత్తగా పట్టుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది లెన్సుల గురించే. ఏది కొనమంటారు, ఎంత జూమ్ ఉండాలి అని. నా జవాబు వాళ్లకి పెద్దగా నచ్చదు: ఇప్పుడే ఏమీ కొనకండి. కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు (దీన్నే కిట్ లెన్సు అంటారు) చాలు. కెమెరా లేకపోతే ఫోన్‌తోనే మొదలుపెట్టండి, కాకపోతే ముందు దాని లెన్సు మీద వేళ్ల జిడ్డు తుడవండి. దీపాల చుట్టూ పొగలాగా తెల్లగా కమ్ముకుని వస్తోందంటే చాలాసార్లు కారణం ఆ జిడ్డే.

ఇంట్లో నేరుగా ఎండ పడని కిటికీ ఒకటి చూసుకోండి. దాని పక్కన ఒక కుర్చీ వేయండి. కాసేపు విసుక్కోకుండా కూర్చునే మనిషిని బతిమాలి అందులో కూర్చోబెట్టండి. బయటికెళ్తే వెలుతురూ, మనుషులూ, వెనక కనిపించేవీ అన్నీ ఒకేసారి మారిపోతుంటాయి. ఫోటో బాగా వచ్చినా ఎందుకు బాగా వచ్చిందో తెలియదు, పాడైనా అంతే. కిటికీ దగ్గర అలా కాదు, మీరు మార్చిందే మారుతుంది.

ఇదేదో చిన్నపిల్లల ఆట అనుకోకండి. చెక్ ఫోటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీనే 1940 నుంచి ఏళ్ల తరబడి తీశాడు. అద్దం మీద ఆవిరి, వాన చుక్కలు, అవతల ఒక వంకర చెట్టు, అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయిన మనిషి ఆయన. ఒక్క చేత్తో పెద్ద కెమెరా మోస్తూ తీసిన ఆ ఫోటోలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి.

ముందు లైట్లన్నీ ఆపండి

గదిలో బల్బు వెలుగుతుంటే కట్టేయండి. వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. పగటి వెలుతురు రంగు సుమారు 5500 కెల్విన్ దగ్గరుంటే, పసుపు బల్బుది 2700 నుంచి 3000 దాకా ఉంటుంది. రెండూ కలిసి పడితే ముఖం ఒక పక్క పసుపు, ఇంకో పక్క నీలం. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) ఎటు తిప్పినా ఒక పక్క బాగుపడుతుంది, రెండోది చెడుతుంది. ఒకే రకం వెలుతురుంటే ఈ తలనొప్పే లేదు.

ఇప్పుడు కూర్చున్నవాళ్లని నేరుగా కిటికీ వైపు చూడమనండి. మీరు కిటికీకి వీపు పెట్టి, వెలుతురుకి అడ్డం రాకుండా కాస్త పక్కకి జరిగి తీయండి. ముఖం శుభ్రంగా, నీడల్లేకుండా, కొంచెం చప్పగా వస్తుంది. ఇక కుర్చీ తిప్పి, కిటికీ వాళ్లకి సరిగ్గా పక్కన ఉండేలా పెట్టండి. ముఖం సగం వెలుగు, సగం చీకటి. ఇక్కడే అసలు సంగతి ఉంది, తొందరపడకండి. కెమెరా దించి ముక్కు నీడని చూడండి. "నెమ్మదిగా కిటికీ వైపు తల తిప్పండి" అని చెప్పి, ఆ నీడ ఎలా కదులుతుందో చూస్తూ ఉండండి. ఒక చోట చీకటి పక్క చెంప మీద, కంటి కింద, చిన్న త్రికోణం ఆకారంలో వెలుగు పడుతుంది. "ఆగండి, కదలొద్దు" అనాల్సింది అప్పుడే. డచ్ చిత్రకారుడి పేరు మీద దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. దీని కోసం ఖరీదైన స్టూడియో సామానేమీ అక్కర్లేదు, మెడ నాలుగు వేళ్లంత తిరిగితే చాలు.

త్రికోణం దొరికాక కళ్లలోకి చూడండి. నల్లగుడ్డులో కిటికీ బొమ్మ చిన్న తెల్ల మెరుపులా కనిపించాలి. అది లేకపోతే ఎంత మంచి ముఖమైనా నిద్రమత్తులో ఉన్నట్టు ఉంటుంది. గడ్డం కొంచెం పైకెత్తమంటే సాధారణంగా వచ్చేస్తుంది.

చీకటి పక్క మరీ నల్లగా ఉందనిపిస్తే, ఆ వైపు తెల్ల థర్మాకోల్ ముక్క గానీ తెల్ల దుప్పటి గానీ పట్టుకోమనండి. వెలుతురు దాని మీద పడి ముఖం మీదికి తిరిగొస్తుంది. ఎంత దగ్గరగా పడితే అంత ఎక్కువ. దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ నీడ పలచబడడం ఒకసారి కళ్లారా చూస్తే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

దూరం కూడా మార్చి చూడండి. కుర్చీ కిటికీకి అర మీటరులో ఉంటే ముఖం మీద వెలుతురు మెత్తగా పడుతుంది, గది లోపలి గోడ దాకా అంతగా అందదు కాబట్టి వెనకంతా చీకటిగా వస్తుంది. కుర్చీని రెండు మీటర్లు లోపలికి జరపండి. ముఖానికీ గోడకీ తేడా తగ్గిపోతుంది, నీడల అంచులు గట్టిపడతాయి. బ్యాక్‌గ్రౌండ్ నల్లగా రావాలంటే నల్ల గుడ్డ వెతుక్కోవడం కాదు, మనిషిని వెలుతురుకి దగ్గరగా, గోడకి దూరంగా జరపాలి.

కెమెరా అన్నిటినీ బూడిద రంగు చేస్తుంది

ఒక పరీక్ష చేయండి. కెమెరాని ఆటోలో పెట్టి, ఫ్రేము మొత్తం నిండేలా ఒక తెల్ల కాగితం తీయండి. తర్వాత అలాగే ఒక నల్ల చొక్కా తీయండి. రెండూ పక్కపక్కన పెడితే కాగితం మాసినట్టు, చొక్కా వెలిసినట్టు, దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి ఎదురుగా ఉన్నది కాగితమో చొక్కానో తెలియదు. దేన్ని చూసినా మధ్యస్థపు బూడిద రంగుకి తేవాలనే దాని ఆరాటం.

అందుకే కిటికీకి వీపు పెట్టి నిలబడిన మనిషి నల్లటి బొమ్మలా వస్తాడు. వెనక ఉన్న వెలుతురు చూసి కెమెరా మొత్తం తగ్గించేస్తుంది. దానికి మందు ప్లస్, మైనస్ గుర్తున్న బటన్, అదే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఫోటో ఎంత వెలుగ్గా రావాలో కెమెరాకి చెప్పేది. తెల్ల గోడలు, మంచు, వెనక నుంచి వెలుతురు, వీటికి ప్లస్ 1, ఒక్కోసారి ప్లస్ 2. నల్ల బట్టలు, చీకటి వేదిక మీద దీపం కింద నిలబడ్డ మనిషి, వీటికి మైనస్ 1. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ అక్కడే లాక్ అవుతాయి. తర్వాత వేలు పైకీ కిందికీ జరిపితే వెలుతురు పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ ఒక్క బటన్ అలవాటైతే అన్నీ మనమే పెట్టుకోవాల్సిన మాన్యువల్ మోడ్ జోలికి వెళ్లకుండా చాలాకాలం హాయిగా గడిపేయొచ్చు. మాన్యువల్‌లో తీస్తేనే ఫోటోగ్రాఫర్ అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

మసక ఫోటో ఎందుకు మసకైంది?

పాడైన ఫోటోని వెంటనే డిలీట్ చేయకండి. పెద్దది చేసి చూడండి. ఫ్రేములో ఉన్న గోడ, కుర్చీ, మనిషి అన్నీ ఒకే వైపు గీసినట్టు చెదిరితే మీ చెయ్యి కదిలింది. కుర్చీ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు. మనిషి ముఖం మెత్తగా ఉండి చెవో, వెనక కర్టెనో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. మూడు జబ్బులు, మూడు వేరే వేరే మందులు. అన్నిటికీ కలిపి "నా లెన్సు మంచిది కాదు" అనుకోవడం తేలిక, అంతే.

చెయ్యి కదలడానికి పాత లెక్క ఒకటుంది: షట్టర్ స్పీడు (షట్టర్ తెరిచి ఉండే సమయం), ఒకటిని లెన్సు ఫోకల్ లెంగ్తుతో, అంటే లెన్సు మీదుండే ఎంఎం అంకెతో, భాగిస్తే వచ్చే సెకను వంతు కన్నా నెమ్మదిగా ఉండకూడదు. చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ రకం కెమెరాలో ఆ ఎంఎం అంకెని ముందు 1.5తో (దీన్నే క్రాప్ అంటారు) హెచ్చించాలి, కాబట్టి 55 ఎంఎం దగ్గర అది సుమారు 1/80 అవుతుంది. మోచేతులు పొట్టకి ఆనించి, ఊపిరి వదులుతూ బటన్ మెల్లగా నొక్కితే ఇంకాస్త నెమ్మదిగా కూడా నిలబెట్టొచ్చు. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంటే మరీ మంచిది. అయితే అది మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికని కాదు. మాట్లాడుతూ కూర్చున్న మనిషికి 1/125, పరుగెత్తే పిల్లలకి 1/500 గానీ ఇంకా వేగంగా గానీ కావాలి.

వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా చూపే సున్నితత్వం, పెంచండి. కొత్తవాళ్లు 400 దాటడానికే జంకుతారు, ఆ భయం నాకెప్పుడూ అర్థం కాదు. ఇప్పటి కెమెరాల్లో 1600, 3200 మామూలు సంగతి. ఐఎస్ఓ పెంచడం వల్ల గింజలు కనిపించే ఫోటోని జనం ఇష్టంగా చూస్తారు, షేక్ అయిన ముఖాన్ని ఎవరూ రెండోసారి చూడరు. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మీరు చెబితే షట్టర్ స్పీడు కెమెరా చూసుకునేది) పెట్టుకుని, ఐఎస్ఓ ఆటోలో ఉంచి, మెనూలో కనీస షట్టర్ స్పీడు 1/125 అని చెప్పేస్తే ఇంట్లో తీసే ఫోటోలకి చాలావరకు సరిపోతుంది.

ఫోకస్ మాత్రం కెమెరాకి వదిలేయకండి. కంటిని పట్టుకునే ఆటోఫోకస్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఒక్క పాయింటు ఎంచుకుని, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి.

దీపాల కింద తీసినప్పుడు ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తే కెమెరా పాడైందని కంగారుపడొద్దు. కొన్ని ఎల్ఈడీలు, ట్యూబులు కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో రెపరెపలాడుతుంటాయి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, 60 హెర్ట్జ్ అయితే 1/60 గానీ 1/120 గానీ. ఎక్కువసార్లు చారలు పోతాయి.

ఇక లెన్సు మాట

కిటికీ దగ్గర ఇవన్నీ చేతికి అలవాటయ్యాక కొనాలనిపిస్తే, జూమ్ లేని ఎఫ్ 1.8 లెన్సు కొనండి, 35 ఎంఎం గానీ 50 ఎంఎం గానీ. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది. కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 దానికన్నా దాదాపు 10 రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. జూమ్ లేదు కాబట్టి కాళ్లతో ముందుకీ వెనక్కీ నడవడం అలవాటవుతుంది. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాఁ తన లైకా కెమెరాకి ఎక్కువగా తగిలించింది 50 ఎంఎం లెన్సే.

కొన్న మొదటి వారం అందరూ 1.8 దగ్గరే ఉంచి అన్నీ తీసేస్తారు. తీయండి, ఆ సరదా తీరాల్సిందే. కానీ లెక్క తెలిసి తీయండి: ఏపీఎస్-సీ కెమెరా మీద 50 ఎంఎం పెట్టి మీటరు దూరం నుంచి 1.8లో తీస్తే పదునుగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లు. ముఖం కాస్త పక్కకి తిరిగితే ఒక కన్ను స్పష్టం, రెండోది మసక. ఇద్దరు మనుషులుంటే ఎఫ్ 4 గానీ 5.6 గానీ పెట్టి, ఇద్దరి ముఖాలూ కెమెరాకి సమాన దూరంలో ఉండేలా చూడండి.

ఫోన్‌తో తీసేవాళ్లకి ఇంకో మాట. ఫోన్ మెయిన్ కెమెరా సాధారణంగా చాలా వెడల్పుగా చూస్తుంది. ముఖం ఫ్రేములో నిండాలని దగ్గరికెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు అడుగులు వెనక్కి వేసి 2 ఎక్స్ నొక్కండి. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్సు కాదు, మీకూ ఆ మనిషికీ మధ్య ఉన్న దూరం.

బయట తీసేటప్పుడు కూడా కిటికీనే వెతకండి. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద గుంటల్లా నీడలు పడుతుంటే, మనిషిని నీడలోకి తీసుకెళ్లండి. మరీ లోపలికి కాదు, నీడ అంచుకి ఒక అడుగు ఇవతల, ముఖం వెలుతురు వైపు ఉండేలా. తలుపు గుమ్మం, చెట్టు నీడ, పెద్ద గోడ పక్క, అన్నీ అదే పని చేస్తాయి. నొక్కేముందు ఫ్రేము నాలుగు మూలలూ ఒకసారి చూడండి. తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంటే ఒక్క అడుగు పక్కకి వేస్తే పోతుంది. ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి చూపే గీతల గురించి చాలా రాస్తుంటారు. నేను మాత్రం ఆ గీతల్ని నేలా, సముద్రమూ వాలకుండా చూసుకోవడానికే ఎక్కువగా వాడతాను.

కెమెరాలో రా (సెన్సరు పట్టింది పట్టినట్టు దాచే ఫైలు), జేపెగ్ (కుదించిన మామూలు ఫోటో ఫైలు) రెండూ కలిపి సేవ్ అయ్యేలా పెట్టండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్లో 16,384. చీకటైపోయిన చెంపని తర్వాత కంప్యూటర్లో వెలిగించాలంటే ఆ తేడా పనికొస్తుంది. పూర్తిగా తెల్లబడిపోయిన చోట మాత్రం రా కూడా ఏమీ చేయలేదు, కాబట్టి ఓవర్ అయిన చోట్లు మినుకుమినుకుమనే హెచ్చరిక మీ కెమెరాలో ఉంటే ఆన్ చేసి ఉంచండి.

ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించాక ఇంకో డిస్క్‌లోకి కూడా కాపీ చేసి, రెండు చోట్లా తెరుచుకుంటున్నాయని చూసి, అప్పుడు మాత్రమే కార్డుని కెమెరాలో పెట్టి అక్కడే ఫార్మాట్ చేయండి.