మందు మానాలనుందా? దగ్గర్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌ వెతుక్కుని మొదటిరోజు వెళ్లడం ఎలా?

మీటింగ్‌కి వెళ్లాలంటే ముందు మందు మానేసి ఉండాలని చాలామంది అనుకుంటారు. మా చిన్నాన్న ఆ మాట మీదే ఏడాదిన్నర ఆగాడు. "ఒక్క నెల మానేసి చూపిస్తా, అప్పుడు వెళ్తా" అనేవాడు. ఆ నెల రానేలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో, అంటే అందరూ ఏఏ అని పిలిచే చోట, చేరడానికి అడిగేది ఒక్కటే: తాగుడు మానాలన్న కోరిక. మానేసి రమ్మని ఎవరూ అనరు.

1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, కూర్చుని తమ గోడు చెప్పుకోవడంతో ఇది మొదలైంది. మన దేశంలో 1957లో బొంబాయిలో అడుగుపెట్టింది. ఇప్పటికీ పద్ధతి అదే. తాగి నష్టపోయినవాడి మాట తాగుతున్నవాడు వింటాడు.

1. రోజూ తాగేవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి

పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా? ఒక గుక్క పడితే గానీ వణుకు ఆగడం లేదా? అయితే ఉన్నట్టుండి మానకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక లేనివి కనిపించడం, విపరీతమైన చెమట, జ్వరం, మతి తప్పడం మొదలైతే అది ప్రాణాపాయమే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌ని అడిగినా దారి చెబుతారు. మీటింగ్‌లో మాత్రలివ్వరు, సెలైన్ పెట్టరు. ఆ పని డాక్టర్‌ది. రెండూ కలిసి నడవాలి.

2. ఫోన్ చేసి కనుక్కోండి

కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ఉచితం. భారత ఏఏ వెబ్‌సైట్‌లో కూడా ఊళ్లవారీగా మీటింగ్‌ల వివరాలుంటాయి. మ్యాప్‌లో కనిపించిన చిరునామాను నమ్మి నేరుగా బయల్దేరకండి, గ్రూపులు హాళ్లు మారుతుంటాయి. గ్రూప్ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తేది చాలాసార్లు ఒకప్పుడు మీలాగే తాగిన మనిషే. "మీటింగ్‌కి రావాలనుంది" అంటే చాలు, కథంతా చెప్పక్కర్లేదు. ఏ రోజు, ఎన్నింటికి, తెలుగులో మాట్లాడతారా, దగ్గర్లో కొండగుర్తు ఏమిటి అని అడగండి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నది కూడా అడగండి. ఓపెన్ అయితే ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే.

చాలా మీటింగ్‌లు చర్చి హాళ్లలో జరుగుతాయి. అది చూసి కొందరు వెనక్కి తిరిగిపోతారు. చర్చివాళ్లది కేవలం హాలే. ఏఏ ఏ మతానికీ చెందదు. ప్రార్థనలో దేవుడి మాట వస్తుంది, ఆ దేవుడు ఎవరన్నది మీ ఇష్టం.

3. ఆ సాయంత్రం

పది నిమిషాలు ముందు వెళ్లండి. ఆ రోజు తాగకుండా ఉండగలిగితే మంచిది. తాగి ఉంటే బండి నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. సాధారణంగా బయటికి పొమ్మనరు, మాట్లాడకుండా కూర్చుని వినమంటారు.

అన్నిటికంటే కష్టమైంది గేటు దాటడం. చిన్నాన్న బండికి స్టాండ్ వేసి, హెల్మెట్ కూడా తీయకుండా ఇరవై నిమిషాలు రోడ్డు మీదే నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నా, రమ్మనే ధైర్యం నాకూ లేదు. లోపల్నుంచి ఒకాయన వచ్చి "రా అన్నా, చాయ్ తాగుదాం" అన్నాడు. పేరడగలేదు, ఇంటిపేరు అసలే అడగలేదు. చిన్నాన్న హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. మీటింగ్ అయ్యేదాకా దాన్ని ఒళ్లోంచి దించలేదట.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి, తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లు రాసిన బ్యానర్. గంట, గంటన్నర జరుగుతుంది. ఒక్కొక్కరూ "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెబుతారు. మధ్యలో ఎవరూ సలహాలివ్వరు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అనండి. ఫీజు లేదు. ఖర్చుల కోసం సంచి తిప్పుతారు, కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమనుకోరు. విన్నది మాత్రం బయట ఎక్కడా చెప్పకూడదు.

4. తర్వాత

ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకోండి. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోదానికి వెళ్లండి, ఒక్కదాన్ని చూసి తేల్చేయకండి. కొన్నాళ్లకు, మానేసి ఏళ్లయిన ఒకరిని, దగ్గరుండి దారి చూపే స్పాన్సర్‌గా ఉండమని అడగవచ్చు. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఉండటం ఆనవాయితీ. నలుగురిలోకి వెళ్లలేని ఆడవాళ్లు ఆన్‌లైన్ మీటింగ్‌లు, మహిళల మీటింగ్‌ల గురించి అడగండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు మీటింగ్ గైడ్ అనే యాప్ ఉంది.

మధ్యలో మళ్లీ తాగారా? మర్నాడే వెళ్లండి. చిన్నాన్న మూడో వారంలో తాగాడు. వెళ్లి ఆ మాటే చెప్పాడు, మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టుకున్నాడు.

ఇంట్లోవాళ్లకు

తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచి అల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది. తాగే మనిషి మీటింగ్‌కి రాకపోయినా మీరు వెళ్లవచ్చు. ఇంకో మాట, దయచేసి వినండి. తెలియకుండా కూరలో మందు మాన్పించే మాత్ర కలపకండి. మా పిన్నికీ ఎవరో ఈ సలహా ఇచ్చారు. అలాంటి మాత్రల్లో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద మందు పడగానే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడంతో ప్రాణం మీదికి రావచ్చు. తాగే మనిషికి తెలిసి, డాక్టర్ చూసి రాస్తేనే వాడాలి. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.