ఎండలు ముదరకముందే కుక్కను తిప్పే చోటు చూసిపెట్టుకోండి

జనవరిలో కుక్క తోకూపుకుంటూ తిరిగిన చోటే మే నెలలో దాని కాళ్లు కాలుస్తుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కుక్కను పెంచేవాళ్లు ఫిబ్రవరి చివరికల్లా వేసవికి వేరే దారి, వేరే వేళ ఖాయం చేసుకోవాలి. రోహిణి కార్తెలో చూద్దాంలే అనుకుంటే అప్పటికి అరికాలి తోలు ఊడి కుక్క కుంటుతూ ఉంటుంది.

మనకు సముద్రం లేదు, మన బీచ్ చెరువు కట్టే. ఇక్కడివాళ్లకు భద్రకాళి, వడ్డేపల్లి కట్టలు, కరీంనగర్ వాళ్లకు మానేరు డ్యాం కట్ట. కారుంటే గోదావరి ఇసుక. పార్కులు, కాలేజీ గ్రౌండ్లు ఎటూ ఉన్నవే. వీటిలో ఏది బాగుంటుందని అడిగితే ఒక్క మాటలో చెప్పలేం. ఒకే కట్ట పొద్దున 5 గంటలకు బంగారం, సాయంత్రం 6 గంటలకు నరకం.

మొదటిసారి కుక్క లేకుండా వెళ్లండి

ఏ వేళకు తిప్పాలనుకుంటున్నారో ఆ వేళకే, ఒంటరిగా ఒక చుట్టు తిరిగి రండి. గేటు దగ్గర బోర్డు చదవండి, వాచ్‌మన్‌ను అడగండి. బల్దియా పార్కులైనా కాలనీ పార్కులైనా అన్నింటికీ ఒకే పద్ధతి ఉండదు. పోయినేడాది రానిచ్చారు కదా అని ఈ ఏడు వాదన పెట్టుకోకండి. హంటర్ రోడ్డులోని జూపార్కు, ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాలున్న ఆవరణ, వేయిస్తంభాల గుడి, ఈ మూడింటినీ లెక్కలోంచి తీసేయండి. మట్టికోట చుట్టుపక్కల దారులు నడకకు బాగానే ఉంటాయి గానీ అది జనం కాపురముండే ఊరు. మేకలు, బర్రెలు, ఇళ్ల ముందు కాపలా కుక్కలు ఉంటాయి. మేకను చూస్తే ఆగని కుక్కను అటు తీసుకెళ్లకండి.

ఆ తర్వాత వీధికుక్కలను లెక్కపెట్టండి. ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఎక్కడ పడుకుంటున్నాయన్నదే ముఖ్యం. మూడు నాలుగు కుక్కలు గేటు దగ్గరే కాపురం పెట్టాయంటే ఆ గేటు వాటిది, మీ కుక్క రోజూ పరాయి ఇంట్లోకి దూరినట్టే. ఇంకో గేటు ఉందేమో చూడండి. లోపల గొడవైతే బయటపడడానికి రెండో దారి లేని పార్కును ఎంచుకోకపోవడమే మేలు. చికెన్ సెంటర్లున్న రోడ్డు మామూలు రోజుల్లో ఎలా ఉన్నా ఆదివారం పొద్దున మాత్రం వద్దు. కోళ్ల వ్యర్థాల కోసం చేరిన గుంపు ఆ పూట కొత్త కుక్కను అస్సలు సహించదు.

ఇక నేల సంగతి. అరచేతి వెనకవైపు నేలకు ఆనించి 7 సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదు. గాలి 35 డిగ్రీలున్న మధ్యాహ్నం ఎండలోని నల్లతారు 55 దాటుతుంది. మనవాళ్లు పొరపడేది సాయంత్రాల్లోనే. పొద్దుగుంకింది, చల్లగాలి వస్తోంది కదా అని 6:30కు బయల్దేరతారు. పగలంతా తాగిన వేడిని తారు, సిమెంటు, పేవర్ బ్లాకులు ఆ వేళకు ఇంకా కక్కుతూనే ఉంటాయి. మన ముఖానికి తగిలే గాలి వేరు, నేలకు జానెడెత్తులో కుక్క పొట్టకు తగిలే సెగ వేరు. ఏప్రిల్, మేలలో పొద్దున 5 నుంచి 6:30 లోపు నడక ముగించడమే సరైన పద్ధతి. రాత్రిపూటైతే 8 దాటాక, అదీ చెయ్యి ఆనించి చూశాకే. మొరం దారి, చెట్ల కింది మట్టి, తడిపిన పచ్చిక త్వరగా చల్లారతాయి. రబ్బరులా మెత్తగా ఉండే సింథటిక్ ట్రాకు చూడడానికి సుఖంగానే ఉంటుంది, ఎండకు అదీ తారులాగే కాలుతుంది.

కట్ట మీద ఏం పొంచి ఉంటాయి

చెరువు కట్ట మీద సాయంత్రమైతే మక్కకంకులు, మిర్చిబజ్జీలు. పొద్దున మీరు వెళ్లేసరికి వాటి మిగుళ్లు. గింజలు తిని పారేసిన కంకి బెండు కుక్కకు మహా ఇష్టం. ఉప్పూ కారం నిమ్మకాయ అంటి ఉంటుంది మరి. అది అరగదు. ముక్కగా మింగితే పేగులో బిరడాలా ఇరుక్కుంటుంది, ఎక్స్‌రేలో సరిగా కనబడదు కూడా. రెండు మూడు రోజులు వాంతులు, తిండి మానేయడం, చివరికి ఆపరేషన్. వేసవిలో మామిడి టెంకదీ అదే కథ. అందుకే కట్ట మీద బండ్లు పెట్టే జాగా దాటేదాకా పట్టీ పొట్టిగా పట్టుకుని, కుక్క తల మీ మోకాలి పక్కనే ఉండేలా నడవండి. "వదిలెయ్" అన్న మాట ఇంట్లో నేర్పకుండా కట్ట మీద నేర్పుదామంటే కుదరదు. ఇంట్లో చపాతీ ముక్క నేలమీద పెట్టి, రెండు వారాల పాటు రోజూ 5 నిమిషాలు సాధన చేయిస్తే చాలు.

ఎండాకాలం చెరువు వెనక్కి తగ్గేకొద్దీ శికంలో నేల తేలుతుంది. పైన ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కింద మోకాలిలోతు బురద. కుక్క దిగబడితే దాన్ని తీయడానికి దిగినవాళ్లూ దిగబడతారు. ఆ అంచున తెగిన నైలాన్ వలలు, గాలాలు, సీసా పెంకులు, సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి. గాలం గుచ్చుకుంటే వెనక్కి లాగకండి, కొక్కెం మాంసాన్ని చీల్చుకుంటూ వస్తుంది. దారం కోసేసి, గాలం కదలకుండా గుడ్డ చుట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నీళ్ల సంగతి ఇంకా జాగ్రత్త. నీరు తగ్గి, వేడెక్కి, మురుగు కలిసిన చెరువులో కొన్నిసార్లు పచ్చరంగు పెయింట్ ఒలకబోసినట్టు పైన తెట్టె కడుతుంది. అది నీలి ఆకుపచ్చ నాచు. దానిలో విషం పుట్టే రకాలున్నాయి. తాగితేనే కాదు, ఈదొచ్చి ఒళ్లు నాక్కున్నా గంటల్లో కాలేయం దెబ్బతినొచ్చు, మూర్ఛలు రావొచ్చు. గుర్రపుడెక్క కనబడడం వేరు, ఈ తెట్టె వేరు. తెట్టె ఉంటే ఆ వైపు వెళ్లొద్దు. కుక్క తడిసిందంటే నాక్కోనివ్వకుండా అక్కడికక్కడే మంచినీళ్లతో కడగండి. మామూలుగా కూడా చెరువు నీళ్లు తాగించొద్దు. ఇంటినుంచి సీసా, మడిచే గిన్నె తీసుకెళ్లండి. 20 కిలోల కుక్కకు రోజుకు లీటరు పైన నీళ్లు కావాలి, అరగంట నడకకు అర లీటరు వెంట ఉండాలి. తిరిగొచ్చాక పల్చటి మజ్జిగ పోస్తామనేవాళ్లుంటారు, పోయండి. ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు మాత్రం వేయకండి. ఉల్లి కుక్క రక్తకణాలను విరగ్గొడుతుంది.

గోమార్లు ఎక్కడ అంటుకుంటాయి

గడ్డిలో తిరిగితేనే గోమార్లు (పిడుదులు) పడతాయని చాలామంది అనుకుంటారు. మన ఊళ్లలో కుక్కలను పట్టే గోధుమరంగు గోమారి ఎక్కువగా గోడ పగుళ్లలో, సిమెంటు బెంచీల కింద, వీధికుక్కలు పడుకునే మెట్ల మూలల్లో కాపురముంటుంది. మీరు అలసి కూర్చునే బెంచీయే దాని అడ్డా. అందుకే వీధికుక్కలు ఎక్కడ పడుకుంటున్నాయో చూడమన్నది. కూర్చోవాలనిపిస్తే ఎండ బాగా తగిలే బెంచీ చూసుకోండి, కుక్కను దాని కిందికి పోనివ్వకండి.

ఇంటికి రాగానే చెవుల లోపల, బెల్టు కింద, చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో వేళ్లు పెట్టి వెతకండి. కాలివేళ్ల మధ్య చర్మాన్ని బొటనవేలితో విడదీస్తే అసలైనవి కనబడతాయి. ఆముదం గింజలా ఉబ్బిన బూడిదరంగుది ఒకటి, దాని పక్కనే ఆవగింజంత గోధుమరంగువి రెండు మూడు. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగరొత్తితో కాల్చడం వద్దు. చేత్తో నలపొద్దు, సబ్బు నీళ్లలో వేయండి. ఇవి మోసుకొచ్చే ఎర్లిషియా జబ్బులో జ్వరం, తిండి మానడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముదిరితే ముక్కునుంచి రక్తం కనిపిస్తాయి. వేసవిలో కుక్క రెండు పూటలు తినకపోతే ఎండకేలే అని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించండి. మెడ మీద పోసే మందో, నమిలే మాత్రో ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. మాత్రల్లో నెలకొకటి వేసేవి, 3 నెలలకొకటి వేసేవి ఉన్నాయి. బరువును బట్టి మోతాదు. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.

గ్రౌండ్లలో పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు ఉంటాయి. కాళ్లు చూసేటప్పుడు అవీ తీసేయండి. వయ్యారిభామ పెరిగిన మూలలకు దూరంగా ఉండండి, పొట్టమీద బొచ్చు పల్చగా ఉన్న కుక్కలకు దద్దుర్లొస్తాయి.

కుక్కపిల్ల ఉందా? 16 వారాల వయసు దాటి, చివరి టీకా పడి 2 వారాలు గడిచేదాకా ఏ పార్కూ వద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. చంకనేసుకుని తిప్పి తేవచ్చు, నేలకు దించకూడదు. ఎదకొచ్చిన ఆడకుక్కను మూడు వారాలు ఇంటి దగ్గరే ఆపేయండి.

పట్టీ, గుంపు, కాటు

4 నుంచి 6 అడుగుల నైలాన్ పట్టీ చాలు. ఇనుప గొలుసు ఎండకు కాలి మెడ కందిపోతుంది. బటన్ నొక్కితే సాగే పట్టీ కట్ట మీద పనికిరాదు, సైకిల్ వచ్చేలోపు కుక్క 5 మీటర్ల అవతల ఉంటుంది. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులుంటే బెదిరినప్పుడు తల వెనక్కి లాక్కుని జారిపోతుంది. ఏప్రిల్, మే నెలలు పెళ్లిళ్ల సీజన్. ఫంక్షన్ హాలు ముందు బరాత్ డీజే, టపాసులు మొదలైతే ఎంత నెమ్మదైన కుక్కైనా తెంపుకుంటుంది. ముహూర్తాల రోజుల్లో ఆ రోడ్డు మార్చుకోండి, లేదా మెడ బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి.

వీధికుక్కలు చుట్టుముడితే మీ కుక్కను పైకెత్తకండి, అవి మీ మీదికే ఎగురుతాయి. పరిగెత్తొద్దు, బిస్కెట్లు విసరొద్దు. పక్కకు తిరిగి మెల్లగా వాటి హద్దు దాటండి. మడత గొడుగు ఉంటే వాటికి ఎదురుగా టప్పున తెరవండి, కర్ర ఎత్తడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది. మనిషికి కాటు పడితే 15 నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని సర్కారు దవాఖానాకో వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. మీ కుక్కకు కాటు పడితే గాయం అలాగే కడిగి, ఏటా టీకా వేయిస్తున్నా సరే మళ్లీ రేబిస్ టీకా వేయించండి. అదుపులో పెట్టక మీ కుక్కే ఎవరినైనా కరిస్తే ఖర్చులతో పోదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

వడదెబ్బ తగిలితే

కుక్క మామూలు ఒంటివేడి 38 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కువి, లావెక్కిన ల్యాబ్రడార్లు, హస్కీలు ముందు పడిపోతాయి. నాలుక పారలా వెడల్పయి వేలాడడం, చిగుళ్లు ఇటుకరంగుకు తిరగడం, చొల్లు జిగటగా కారడం, ఆగకుండా రొప్పడం, అడుగులు తడబడడం మొదటి గుర్తులు.

అప్పుడు బండెక్కించి పరిగెత్తడం కంటే ముందు చల్లబరచడం ముఖ్యం. నీడకు చేర్చి, మామూలు కుళాయి నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, గజ్జలు, పాదాల మీద పోస్తూ విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. వేడి 39.5కు దిగాక నీళ్లు ఆపి, కారు అద్దాలు దించి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తేరుకుందని ఇంటికి తీసుకెళ్లొద్దు, మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి మర్నాటిదాకా తెలియకపోవచ్చు. వేసవి అని గుండు గీయించడం కూడా తప్పే. రెండు పొరల బొచ్చున్న కుక్కకు ఆ బొచ్చే ఎండకు అడ్డు. దువ్వి, ఊడిన బొచ్చు తీస్తే సరిపోతుంది.

గోదావరి దాకా వెళ్లేవాళ్లకు

కాళేశ్వరం, ఏటూరునాగారం వైపు ఇసుక తిన్నెలు కుక్కకు స్వర్గమే, పొద్దున 8 లోపు. ఆ తర్వాత ఇసుక పెనంలా కాలుతుంది. ఇసుక తవ్విన చోట నీటికింద నిలువు గుంతలుంటాయి. మోకాలిలోతులో నడుస్తూనే ఒక్క అడుగులో మునిగిపోతారు. ఎగువ బ్యారేజీల్లో గేట్లెత్తితే వాన లేకున్నా నీరు పెరుగుతుంది. 30 అడుగుల తాడు కట్టకుండా నీళ్లలోకి వదలకండి, ఆ తాడును మీ నడుముకు మాత్రం కట్టుకోకండి. దారిలో టీ తాగడానికి దిగినా కుక్కను కారులో మూసి వెళ్లొద్దు. ఎండలో పది నిమిషాలకే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోకి కుక్కను తీసుకెళ్లొద్దు. దానికి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఉంటే అడవి జంతువులకు అంటుతుంది.

మృగశిర చినుకులు పడ్డాక ఈ దారులన్నీ మళ్లీ ఒంటరిగా తిరిగి చూసుకోవాలి. పార్కులో దీపస్తంభం కింద నీళ్లు నిలిస్తే చెప్పుల్లేని కుక్కకే ముందు షాక్ కొడుతుంది, పది అడుగుల దూరం జరగండి. ఎలుకలు తిరిగే గుంటల నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం వస్తుంది, ఏటా వేసే టీకాలో అది కలిసి ఉందో లేదో కార్డు తీసి చూసుకోండి. రాత్రిపూట గోదురుకప్పను నోట కరిస్తే నురగ కక్కుతుంది. తల కిందికి వంచి, తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక పదేపదే తుడవండి. నోట్లోకి పైపు పెట్టి నీళ్లు కొడితే ఆ విషం కడుపులోకి పోతుంది.