రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఫ్రేమ్ గీతలు మన లెన్స్‌కు సరిపోయేలా ఎలా చేసుకోవాలి?

బరంపురంలో ఫిల్మ్ మీద ఫోటోలు తీసేవాళ్లకు రోలు సంపాదించడమే ఒక పని. కొరియర్‌లో తెప్పించుకోవాలి, తీశాక కడగడానికి మళ్లీ కొరియర్‌లో పంపాలి. ఇంతా చేస్తే వచ్చిన ఫోటోలో మనిషి నుదురు తెగిపోయి ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. చాలాసార్లు లోపం తీసిన చేతిది కాదు, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌ది. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు, దాని పైనున్న వేరే కిటికీలోంచి. ఆ కిటికీ చూపించే హద్దులు (కొన్ని కెమెరాల్లో ఇవే ఫ్రేమ్ గీతలు) మన లెన్స్‌కు, మనం నిలబడే దూరానికి సరిపోకపోవచ్చు. కెమెరా విప్పకుండానే వాటిని సరిచేసుకోవచ్చు.

పాత సోవియట్ జోర్కీ-4, ఫెడ్-2 ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం. వాటి వ్యూఫైండర్‌లో గీతలే ఉండవు. కిటికీ అంచే ఫ్రేమ్, అది కూడా 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు. అదే కెమెరాకు 85 మిల్లీమీటర్ల జూపిటర్-9 బిగిస్తే ఫిల్మ్ మీద ఎంత పడుతుందో ఊహించుకోవాల్సిందే. ఉదాహరణకు ఈ జోడీనే తీసుకుందాం.

మొదట గోడ మీద కొలత వేయాలి. డాబా గోడైనా సరే, వీధి అరుగు పక్క గోడైనా సరే, మూడు మీటర్లు వెనక్కి జరగడానికి చోటుంటే చాలు. లెక్క తేలికే: దూరాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే 50, 85 లాంటి మిల్లీమీటర్ల అంకెతో) భాగించండి, అందులోంచి 2 తీసేయండి. వచ్చినదాన్ని 36తో గుణిస్తే ఫోటోలో పట్టే వెడల్పు, 24తో గుణిస్తే ఎత్తు, మిల్లీమీటర్లలో వస్తాయి (36, 24 అనేవి ఫిల్మ్ మీది ఫ్రేమ్ కొలతలు). మూడు మీటర్లకు 85 లెన్స్ 120 × 80 సెంటీమీటర్ల మేర చూస్తుంది. 50 అయితే 209 × 139, 35 అయితే 301 × 201, 135 అయితే 73 × 48. దూరం కొలిచేది లెన్స్ మూతి నుంచి కాదు, ఫిల్మ్ ఉండే చోటు నుంచి, అంటే కెమెరా వెనక భాగం నుంచి. సుద్దముక్కతో గోడ మీద 120 × 80 పెట్టె గీసి, మధ్యలో అడ్డంగా నిలువుగా ఒక గుర్తు పెట్టండి. కెమెరాను స్టాండు మీద గోడకు నేరుగా నిలపండి.

లెక్కను అలాగే నమ్మేయకుండా కెమెరానే అడగడం మంచిది. జోర్కీ-4, ఫెడ్-2 వెనక భాగం పూర్తిగా ఊడి వస్తుంది. ఫిల్మ్ లేనప్పుడు దాన్ని తీసేసి, ఫిల్మ్ ఆనే రెండు పట్టాల మీద ట్రేసింగ్ పేపరు ముక్కను బిగుతుగా, ముడత లేకుండా అతికించండి. అంతకుముందే షట్టర్‌ను కాక్ చేసి (ఫిల్మ్ తిప్పే నాబ్‌తో బిగించి), ఆ తర్వాతే స్పీడు డయల్‌ను బల్బ్ (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే గుర్తు) దగ్గరికి తిప్పండి. ఈ కెమెరాల్లో కాక్ చేయకుండా డయల్ తిప్పితే లోపలి యంత్రం దెబ్బతింటుంది. లాక్ ఉన్న కేబుల్ రిలీజ్‌తో (షట్టర్ బటన్‌కు బిగించే తీగతో) షట్టర్ తెరిచి ఉంచి, లెన్స్ అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, గోడకు ఫోకస్ చేయండి. నెత్తిన దుప్పటి కప్పుకుని భూతద్దంతో ఆ కాగితం చూస్తే గోడ తలకిందులుగా కనిపిస్తుంది. సుద్ద పెట్టె నాలుగు మూలలూ కాగితం నాలుగు మూలలకు తగిలేలా కెమెరాను అటూ ఇటూ జరపండి. కుదిరాక స్టాండు బిగించేయండి. ఇక దాన్ని కదపకూడదు. షట్టర్ కర్టెన్ జోలికి మాత్రం వేలు పోనివ్వకండి.

ఇప్పుడు మాస్క్, అంటే కిటికీ ముందు పెట్టే నల్ల కాగితపు చట్రం. కెమెరా ముందున్న పెద్ద కిటికీ వెడల్పు, ఎత్తు స్కేలుతో కొలిచి, రెండింటినీ 0.57తో గుణించండి. 209లో 120 అంటే అంతే కదా. ఆ కొలతకు కాస్త తక్కువగా నల్ల చార్ట్ పేపర్‌లో బ్లేడుతో రంధ్రం కోయండి. ఎక్కువ కోస్తే మళ్లీ మొదలుపెట్టాలి, తక్కువ కోస్తే నెమ్మదిగా పెంచుకోవచ్చు. కిటికీ ముందు పెట్టి, కన్ను ఎప్పుడూ ఆనించే చోటే ఆనించి చూడండి. గోడ మీది సుద్ద గీత మాస్క్ అంచు పక్కనే లోపలగా కనిపించేదాకా కోస్తూ పోండి. అంచు మసకగానే ఉంటుంది, కాగితం కంటికి అంత దగ్గరలో ఉంటే అది తప్పదు. కళ్లద్దాలతో ఫోటోలు తీసేవాళ్లు కళ్లద్దాలతోనే చూసి కోయాలి, కన్ను కొంచెం వెనక్కి జరిగినా అంచు మారిపోతుంది. జోర్కీ-4లో రివైండ్ నాబ్ కింద డయాప్టర్ లివర్ (మన చూపుకు తగ్గట్టు కిటికీని స్పష్టం చేసే మీట) ఉంటుంది, ముందు దాన్ని సరిచేసుకోండి. మధ్యలో ఫోకస్ చేసే మచ్చ పూర్తిగా కనిపిస్తూ ఉండాలి. రెండోవైపున్న చిన్న కిటికీకి ఏదీ అడ్డు రాకూడదు.

చుట్టూ మూసేసే మాస్క్‌తో ఒక నష్టముంది. రేంజ్‌ఫైండర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫ్రేమ్ బయట ఏం జరుగుతోందో కూడా కనిపించడం. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులి వేషం ఏ సందులోంచి దూసుకొస్తుందో ముందే కనబడితేనే బటన్ సమయానికి నొక్కగలం. అలాంటి చోటుకు పారదర్శకమైన ఓహెచ్‌పీ షీట్ ముక్క తీసుకుని, అదే కొలతలో నాలుగు మూలల దగ్గర మాత్రమే నల్ల టేపు ముక్కలు ఎల్ ఆకారంలో అతికించండి. పట్టీ మిల్లీమీటరు వెడల్పన్నా ఉండాలి, లేకపోతే మసకలో కలిసిపోతుంది. మగ్గం ముందు కూర్చున్న మనిషి ముఖానికి చార్ట్ పేపర్, గుంపులకు షీట్ అని రెండూ చేసి పెట్టుకోవడం నా పద్ధతి.

దగ్గర నుంచి తీసేటప్పుడు పారలాక్స్ చూసుకోవాలి. కిటికీ లెన్స్‌కు పైన ఉంటుంది కాబట్టి లెన్స్ కొంచెం కిందికి చూస్తుంది, పైభాగం తెగుతుంది. ఎంతన్నది లెన్స్ మధ్య నుంచి కిటికీ మధ్యకు కొలిస్తే తెలిసిపోతుంది. అది 4 సెంటీమీటర్లు అనుకోండి. ఒకటిన్నర మీటర్ల దూరంలో 85 లెన్స్ పట్టే ఎత్తు 37 సెంటీమీటర్లే, అంటే దాదాపు తొమ్మిదో వంతు పోతుంది. మాస్క్ పైఅంచుకు కొద్దిగా కిందుగా రెండు చిన్న గుర్తులు పెట్టి, దగ్గర్లో తీసేటప్పుడు తల వాటి కింద ఉండేలా చూసుకోండి.

లైకా ఎమ్ కెమెరాల్లో ఇంత పని లేదు. 1954 నాటి ఎమ్3 నుంచే లెన్స్ మౌంట్‌లో (కెమెరాకు బిగించే చోట) పొడుచుకొచ్చిన లోహపు చెవి పొడవును బట్టి గీతలు మారతాయి. ఎమ్6లో 28తో 90, 35తో 135, 50తో 75 జంటలుగా వస్తాయి. స్క్రూ లెన్స్‌కు అడాప్టర్ కొంటున్నప్పుడు మీ లెన్స్ జంటకు సరిపడేదే అడిగి తీసుకోండి. 40 లెన్స్ పెడితే 50 గీతలు వస్తాయి. కొందరు ఆ చెవిని అరగదీసి 35 గీతలు తెప్పించుకుంటారు. నేనైతే వద్దంటాను: లోహం మళ్లీ రాదు, అమ్మబోతే ధర తగ్గుతుంది. ముందున్న లివర్‌ను వేలితో నెట్టి పట్టుకుంటే ఆ 35 గీతలే కనిపిస్తాయి. గీతలే వద్దనుకుంటే మధ్యలోని గరుకు అద్దం కిటికీ మీద టేపు వేస్తే చాలు, ఫోకస్ మచ్చ అలాగే ఉంటుంది. అక్కర్లేని జంటను శాశ్వతంగా తీయించాలంటే అది మెకానిక్ పని. అన్నట్టు ఎమ్6 గీతలు అతి దగ్గరి ఫోకస్ దూరానికి గీసినవి. గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి దూరంగా ఉన్న పడవలను తీస్తే గీత చూపించిన దానికంటే ఎక్కువే ఫిల్మ్ మీదికి వస్తుంది, అంచులు కాస్త బిగించే తీయండి.

మాస్క్‌ను అతికించడానికి మాస్కింగ్ టేపు వాడండి, అదీ కిటికీ చుట్టూ ఉన్న లోహం మీదే, అద్దం మీద కాదు. మన ఎండలకు నల్ల ఇన్సులేషన్ టేపు జిగురు కారుతుంది. సముద్రపు గాలి తగిలిన రోజు ఇంటికి రాగానే మాస్క్ తీసి, పొడి గుడ్డతో కిటికీ తుడిచి, మాస్క్ మీద ఏ లెన్స్‌దో పెన్నుతో రాసి పెట్టుకోండి.