గుండె చప్పుళ్లు, 9వ పాఠం: మైట్రల్ స్టెనోసిస్ వేషంలో వచ్చే గడ్డ

గత పాఠం చివర ఇచ్చిన రోగికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. నలభై రెండేళ్ల స్త్రీ, ఆయాసం, గుండె కొన దగ్గర డయాస్టోల్‌లో (గుండె సడలి రక్తం నింపుకునే దశలో) మర్మర్, అంటే రక్తం సుడి తిరిగే అదనపు చప్పుడు. దాదాపు అందరూ రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ (రుమాటిక్ జ్వరం వల్ల ఎడమ కర్ణిక, జఠరికల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకవడం) అని రాసి కలం మూసేశారు. మన దేశంలో ఆ పేరు ముందు తట్టడం సహజమే. కానీ కూర్చుంటే ఆయాసం పెరుగుతుందని, పడుకుంటే తగ్గుతుందని ఆమె చెప్పింది కదా! స్టెనోసిస్ రోగి పడుకోలేక రాత్రి లేచి కూర్చుంటాడు. ఈమెది సరిగ్గా తిరగబడిన కథ. అందుకే ఈసారి అయోర్టిక్ కవాటం పాఠాన్ని పక్కన పెట్టి, ఈమె దగ్గరే ఆగుతున్నాను.

ఆమెకు ఉన్నది ఎడమ కర్ణికలో (గుండె పై గదిలో) మిక్సోమా అనే గడ్డ. పెద్దవాళ్ల గుండెలో పుట్టే, క్యాన్సర్ కాని గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలోనే ఉంటాయి. కర్ణికల మధ్య గోడకు కాడతో అంటుకుని, గంట నాలుకలా ఊగుతుంది. డయాస్టోల్‌లో మైట్రల్ కవాటంలోకి జారి దారి మూస్తుంది. దారి పూర్తిగా మూసుకుంటే మనిషి ఉన్నట్టుండి స్పృహ తప్పుతాడు, ప్రాణమే పోవచ్చు కూడా.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయం. రోగిని ఒక్క భంగిమలో, ఒక్కసారి విని ‘మర్మర్ ఉంది’ అని రాసేస్తారు. ఏ భంగిమలో? ఎప్పుడు? మిక్సోమా మర్మర్ ఇవాళ ఉండి రేపు లేకపోవచ్చు. కూర్చున్నప్పుడు వినపడి, పడుకోబెడితే మాయం కావచ్చు. రుమాటిక్ కవాటం ఇంత చపలంగా ఉండదు. కూర్చోబెట్టి, పడుకోబెట్టి, ఎడమ పక్కకు తిప్పి, నిలబెట్టి వినండి. ప్రతిసారీ భంగిమ పేరు, తేదీ రాయండి. మర్నాడు మళ్లీ అదే క్రమం. రెండో చప్పుడు తర్వాత స్టెనోసిస్‌లో వచ్చే ఓపెనింగ్ స్నాప్ (బిగుసుకున్న కవాటం తెరుచుకునే చప్పుడు) పదునుగా ఉంటుంది. గడ్డ కిందికి జారి ఆగినప్పుడు వచ్చే ‘ప్లాప్’ కాస్త ఆలస్యంగా, మొద్దుగా ఉంటుంది. నేనైతే దీనికి స్టెతస్కోపు బెల్ (చిన్న గిన్నెలాంటి) వైపే వాడతాను. ప్లాప్ అందరిలోనూ వినపడదు. వినపడలేదని అనుమానం వదలకండి, ఎకో (గుండెకు అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించండి.

దారి మూసుకోవడం మొదటి చిక్కు. ఇక రెండోది. గడ్డ ముక్కలు విరిగి రక్తంలో కొట్టుకుపోతాయి. ఎడమ వైపు నుంచి ఎక్కువగా మెదడుకు చేరి పక్షవాతం తెస్తాయి. కాళ్లు, మూత్రపిండాలు తర్వాత. కుడి వైపువి ఊపిరితిత్తులకు వెళతాయి. పక్షవాతం వచ్చిన యువకుడి ఈసీజీలో లయ సవ్యంగా ఉన్నంత మాత్రాన గుండెను వదిలేయకూడదు. మూడో చిక్కు ఒళ్లంతటికీ వచ్చే బాధ: జ్వరం, బరువు తగ్గడం, కీళ్ల నొప్పులు, రక్తహీనత, పెరిగిన ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష). గడ్డ విడుదల చేసే, వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్‌కు ఇందులో పాత్ర ఉంది. గడ్డ తీసేస్తే సాధారణంగా ఇవన్నీ తగ్గుతాయి. గుండె–ఊపిరితిత్తుల యంత్రం సాయంతో మిక్సోమాను తొలిసారి విజయవంతంగా తీసింది 1954లో, స్టాక్‌హోంలో, క్లారెన్స్ క్రాఫోర్డ్.

గుండెలో పుట్టే మరికొన్ని గడ్డల గురించి రెండు మాటలు. పసిపిల్లల్లో కనిపించే రాబ్డోమయోమా చాలాసార్లు దానంతటదే కరుగుతుంది. అది ఉంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ (పలు అవయవాల్లో గడ్డలు తెచ్చే జన్యువ్యాధి) కోసం వెతకాలి. ఫైబ్రోమా కరగదు, జఠరిక గోడలో ఉండి లయ చెడగొడుతుంది. కవాటం మీది ఫైబ్రోఇలాస్టోమా చిన్నదే, పక్షవాతం మాత్రం తేగలదు.

అభ్యాసం: ముప్పై ఐదేళ్ల పురుషుడు. కొన్ని వారాలుగా సన్నని జ్వరం, కీళ్ల నొప్పులు. ఇవాళ కుడి కాలు చల్లబడి, పాదంలో నాడి అందడం లేదు. ఈసీజీలో లయ మామూలే. ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్), మిక్సోమా రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏ లక్షణం ఎటు మొగ్గుతుందో రాయండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు ఏ పరీక్షకు రక్తం తీయాలి? కాలి రక్తనాళంలోంచి సర్జన్ తీసిన ముక్కను ఎక్కడికి పంపాలి, ఎందుకు? జవాబులో ‘ఎకో’ అన్న మాట రాకూడదు. అది లేకుండా ఎంత దూరం రాగలరో చూస్తాను.