కొత్త కంప్యూటర్ బిగించే ముందు: డ్రైవ్ కనబడని చిక్కు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంజనీరింగ్ తరగతులు మొదలయ్యే రోజుల్లో తిరుపతిలో చాలామంది పిల్లలు సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలని ముచ్చటపడతారు. విడిభాగాలు కొన్ని ఊళ్లోనే కొని, మిగిలినవి చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకుంటారు కాబట్టి, ఒక్క భాగం మార్చుకోవలసి వచ్చినా ఒక రోజు ప్రయాణమో, వారం రోజుల ఎదురుచూపో తప్పదు. అందువల్ల ఫైళ్లు నిల్వ ఉండే డ్రైవ్ కంప్యూటర్‌లో కనబడనంత మాత్రాన అది పాడైందని తీర్మానించవద్దని ముందుగా మనవి చేస్తున్నాను.

కొర్లగుంటలో ఉండే మా మేనల్లుడు కొత్త ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో ఫైళ్లు దాచే డ్రైవ్) కనబడటం లేదని, దాన్ని తిరిగి ఇచ్చేయడానికి చెన్నై బస్సుకు టికెట్ కూడా తీసుకున్నాడు. మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) మాన్యువల్ తెరిచి చూస్తే అతడు వాడిన ఎం.2 స్లాట్ (సన్నని పట్టీలాంటి డ్రైవ్‌ను గుచ్చే చోటు) ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం డ్రైవ్‌లను మాత్రమే తీసుకుంటుందని, అతడు కొన్నదేమో సాటా అనే పాత రకమని తేలింది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి కూడా. అంచున ఉండే గాట్లను చూసి రకాన్ని పోల్చుకోవచ్చని కొందరు అంటారు గానీ, రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కూడా ఉన్నాయి గనుక లేబుల్ మీద రాసినదాన్నే నమ్మాలి.

కొనకముందే మాన్యువల్‌లో మరో రెండు సంగతులు చూసుకోవాలి. చాలా బోర్డుల మీద ఒక ఎం.2 స్లాట్‌ను వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు (సాటా కేబుల్ తగిలించే చోట్లు) పనిచేయడం మానేస్తాయి. ఆ పోర్టుకు తగిలించిన హార్డ్ డిస్క్ ఎంత మంచిదైనా కనబడదు. అలాగే కొన్ని స్లాట్లు నేరుగా ప్రాసెసర్‌కు కలిసి ఉంటాయి. ఇంటెల్ 500 శ్రేణి బోర్డులలో అటువంటి స్లాట్ 11వ తరం ప్రాసెసర్‌తో పనిచేస్తుంది, 10వ తరంతో పనిచేయదు.

బిగించేటప్పుడు ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కిపట్టి, కేబినెట్ లోహాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టండి. ఎం.2 డ్రైవ్‌ను సుమారు 30 డిగ్రీల వాలులో లోపలికి తోసి, ఆ తరువాత కిందికి వంచి స్క్రూ బిగించాలి. స్లాట్ అంచు దగ్గర బంగారు రంగు పళ్లు వెడల్పుగా బయటికి కనిపిస్తుంటే డ్రైవ్ పూర్తిగా దిగలేదన్నమాట; దాన్ని అలాగే వంచి స్క్రూ బిగిస్తే ఒకసారి కనబడి మరోసారి మాయమవుతుంది. సాటా డ్రైవ్‌కైతే డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ కావాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది: మాడ్యులర్ పవర్ సప్లైల (కేబుళ్లను ఊడదీసి మార్చగలిగే రకం) కేబుళ్లను ఒకదానివి మరొకదానికి ఎన్నడూ వాడకండి. డ్రైవ్ వైపు కొస ఒకేలా ఉన్నా, సప్లై వైపు పిన్నుల వరుస వేరుగా ఉండి డ్రైవ్ కాలిపోవచ్చు.

స్విచ్ వేశాక ముందు బయాస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) చూడండి. అందులో డ్రైవ్ పేరు లేకపోతే లోపాన్ని స్లాట్‌లోనో కేబుల్‌లోనో వెతకాలి. బయాస్‌లో ఉండి విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనబడకపోతే, 11వ తరం, ఆ తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లలో వీఎండీ (డ్రైవ్‌లను ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే అమరిక) ఆన్‌లో ఉండటం తరచూ కారణమవుతుంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ముందే పెన్ డ్రైవ్‌లో ఉంచుకుంటే ఆ దశలో లోడ్ చేసుకోవచ్చు.

విండోస్ వచ్చాక రెండో డ్రైవ్ కనబడకపోతే విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సరికొత్త డ్రైవ్‌ను ఇనీషియలైజ్ చేసేటప్పుడు (అంటే వాడకానికి సిద్ధం చేసేటప్పుడు) అది అడిగే రెండు పద్ధతుల్లో జీపీటీని ఎంచుకోండి; పాతదైన ఎంబీఆర్ అయితే సాధారణంగా 2 టీబీకి మించిన చోటు వాడుకోలేరు. అయితే ఇంటిల్లిపాది ఫొటోలున్న పాత డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఇనీషియలైజ్ చేయమనో ఫార్మాట్ చేయమనో అడిగితే దయచేసి ఒప్పుకోకండి. క్యాన్సిల్ నొక్కి, డిస్క్‌ను తీసి, అది మునుపు పనిచేసిన కంప్యూటర్‌లోనే పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.