బరంపురంలో ఇల్లు శుభ్రం చేయించడానికి సరైన మనుషులను ఎంచుకున్న తీరు: నా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా పాత ఇంటిని అద్దెకిచ్చే ముందు శుభ్రం చేయించబోతే, ఒకే పనికి ఒక్కొక్కరు ఒక్కో ధర చెప్పారు. తీరా పని మొదలయ్యాక "అది ఇందులో రాదండీ" అనేవారు. బేరమాడటం, ఫోనులోనే ధర ఖాయం చేసుకోవడం, రోజుకూలీలను పిలవడం ఏవీ ఫలించలేదు.

చివరకు గదులవారీగా పనుల పట్టిక రాసి అందరికీ అదే పంపాను. చదరపు అడుగు ధర కార్పెట్ ఏరియాకా (గోడల లోపలి నేల), బిల్టప్ ఏరియాకా (గోడల మందంతో కలిపి) అని అడిగి, రసాయనాలు, యంత్రం, రవాణా, 18 శాతం జీఎస్టీ అన్నీ కలిపిన మొత్తాన్ని వాట్సాప్‌లో రాయించుకున్నాను. దీంతో చవక అనిపించినవారు చవక కాదని తేలింది.

తరువాత, మొత్తం పని అప్పగించకుండా, డబ్బిచ్చి ఒక్క బాత్‌రూమ్ మాత్రమే చేయించి చూశాను. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే, ఎందుకంటే బోరునీటి తెల్లమరకలను దేనితో తీస్తున్నారో అక్కడే బయటపడుతుంది. యాసిడ్ మరకను త్వరగా కరిగిస్తుంది గాని, పాలరాతినీ, మొజాయిక్ గచ్చునూ, టైల్స్ మధ్యనున్న సిమెంటునూ తినేస్తుంది. మా హాలు మొజాయిక్ కనుక, అక్కడ యాసిడ్ వాడనని ముందే చెప్పిన బృందానికే పని ఇచ్చి, డబ్బులో కొంత భాగాన్ని మర్నాడు పగటి వెలుతురులో చూశాకే చెల్లించాను.

చిన్న ఫ్లాటుకు ఇంత తతంగం గిట్టుబాటు కాకపోవచ్చు. పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్లకు బరంపురం నుంచి మనుషులను రప్పిస్తే రవాణా ఖర్చే లెక్కను మార్చేయవచ్చు.