స్పెక్ట్రమ్ ఫలితాలు చేతికి రాగానే చూడవలసినది
కాంక్రీటు భవనానికి భూకంప నిరోధక డిజైన్ కోడ్ ఐఎస్ 1893 (2016) ప్రకారం రెస్పాన్స్ స్పెక్ట్రమ్ విశ్లేషణ (భవనం ఒక్కొక్క కంపన రీతికి భూకంప బలాన్ని లెక్కించి కలిపే పద్ధతి) చేసినవారు, లెక్కలోకి తీసుకున్న మోడ్‌ల (కంపన రీతుల) ద్రవ్యరాశి మొత్తంలో 90 శాతానికి చేరిందని ఊరుకోకుండా, బేస్ షియర్‌ను (భవనం అడుగున పడే మొత్తం అడ్డ బలాన్ని) చేత్తో కూడా ఒకసారి లెక్కగట్టాలి. ఇటుక గోడలున్న ఫ్రేమ్ ఎత్తు 15 మీటర్లు, కంపన దిశలో పునాది పొడవు 16 మీటర్లు అయితే, కోడ్ సూత్రం దాదాపు 0.34 సెకన్ల ఆవర్తన కాలాన్ని (ఒక ఊపుకు పట్టే సమయాన్ని) ఇస్తుంది. గోడల దృఢత్వాన్ని వదిలేసిన కంప్యూటర్ నమూనా 0.9 సెకన్లు చూపితే, మధ్యరకం నేలపై స్పెక్ట్రమ్ విలువ 2.5 నుంచి సుమారు 1.5కు పడిపోతుంది, దానితోపాటు బేస్ షియరూ తగ్గుతుంది. అందుచేత చేతి లెక్కకన్నా విశ్లేషణలోని బేస్ షియర్ తక్కువైతే, ఆ రెండింటి నిష్పత్తిలో బలాలన్నిటినీ, రెండు దిశలకూ విడివిడిగా, పెంచాలి. మోడ్‌ల ఫలితాలను కలిపే సీక్యూసీ పద్ధతిలో వచ్చే విలువలన్నీ ధనాత్మకంగానే వస్తాయి కనుక, వాటితో జాయింట్ల సమతుల్యతను సరిచూడబోవడం వృథా శ్రమ.